‘పోయ’ దగ్గర తెగిన వాక్యం: ఒక తెలుగు హెల్ప్‌లైన్ బాట్ కేస్ స్టడీ

క్లయింట్ మమ్మల్ని పిలిచింది మోడల్ మార్చడానికి.

కంపెనీ డ్రిప్పు పరికరాలు అమ్ముతుంది. ఆఫీసు బెంగళూరులో, కస్టమర్లలో పెద్ద వాటా అనంతపురం, కర్నూలు, కడప వైపు రైతులది. మారతహళ్ళి దగ్గరున్న వాళ్ల కాల్ సెంటర్‌లో తెలుగు లైన్ మీద కూర్చునేవాళ్లంతా మనవైపు నుంచి వచ్చినవాళ్లే. రైతు ఫోన్ చేసి ‘చివరి సాళ్లకి నీళ్లు అందట్లేదమ్మా’ అంటే, ఇవతల ఉన్నావిడ మాన్యువల్ తిరగేసి ఫిల్టర్ చూడమనాలో, వాల్వు చూడమనాలో చెప్పాలి. ఆ తిరగేసే పనిని ఏఐ బాట్‌కి అప్పజెప్పారు. రైతు అడిగింది టైప్ చేస్తే బాట్ మాన్యువళ్లలో సరైన పేజీలు వెతికి, వాటిని ఒక పెద్ద భాషా మోడల్‌కి ఇచ్చి, జవాబు తెలుగులో రాయించి స్క్రీన్ మీద పెడుతుంది. ఈ పద్ధతిని ర్యాగ్ అంటారు. ఆ పేరు 2020లో ఒక పరిశోధనా పత్రంతో వచ్చింది. ఇప్పుడు బెంగళూరులో ఏ స్టార్టప్ తలుపు తట్టినా ఇదే మాట.

ఇంగ్లీషులో అడిగితే బాట్ గడగడా చెప్పేది. తెలుగులో అడిగితే మాత్రం ఫిల్టర్ గురించి అడిగినవాళ్లకి వారంటీ గురించి, వారంటీ అడిగినవాళ్లకి పైపు సైజుల గురించి చెప్పేది. అదీ చక్కటి తెలుగులో, ఎక్కడా తడబడకుండా. అందుకే అందరూ ‘ఈ మోడల్‌కి తెలుగు రాదు’ అని తేల్చేశారు. ఇంకా పెద్ద, ఖరీదైన మోడల్‌కి బడ్జెట్ కూడా అడిగేశారు. మాకిచ్చిన పని అందులో ఏది కొనాలో చెప్పడం.

ఇలాంటి పని ఒప్పుకున్నప్పుడు నేను ముందు అడిగేది ఒకటే: మోడల్‌కి వెళ్లిన పేజీలు ఏవో చూపించండి. జవాబు తర్వాత చూద్దాం. అలా ఏ పేజీ వెళ్లిందో రాసిపెట్టే లాగ్ వాళ్ల దగ్గర లేదు. పెట్టించాం. అది చూస్తే అసలు సంగతి అరగంటలో తెలిసిపోయింది. ఫిల్టర్ ప్రశ్నకి వెళ్లిన పేజీల్లో ఫిల్టర్ పేజీ ఒక్కటీ లేదు. వారంటీ పేజీలు చేతిలో పెట్టి జవాబు చెప్పమంటే ఏ మోడల్ అయినా వారంటీ గురించే చెబుతుంది. ఖరీదైనది ఇంకా అందంగా చెబుతుంది, అంతే తేడా.

పంపు, పైపు, పాప

వెతకడానికి రెండు దారులు పెట్టుకున్నారు. ఒకటి పదాలు పోల్చి వెతకడం, అంటే పాతకాలపు బీఎమ్25. రెండోది ఎంబెడింగ్, అంటే వాక్యాన్ని అంకెల వరుసగా మార్చి అర్థంలో దగ్గరగా ఉన్నవాటిని పట్టడం. రెండూ కలిపి వాడటం మంచి డిజైనే. కాకపోతే తెలుగు వరకూ రెండు దారులూ మూసుకుపోయి ఉన్నాయి, అదీ వేరువేరు కారణాల వల్ల.

పదాల దారి ముందు చూద్దాం. వాక్యాన్ని పదాలుగా విడగొట్టడానికి పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్‌లో ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్’ వాడారు. ఇంగ్లీషుకి ఇది కళ్లు మూసుకుని రాసే లైను. కానీ ఆ మాడ్యూల్ లెక్కలో పదంలో ఉండదగినవి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు మాత్రమే. మన గుణింతపు గుర్తులు యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే ప్రమాణం) దృష్టిలో అక్షరాలు కావు, అవి మార్కులు. పొల్లూ అంతే, సున్నా అంతే. దాంతో గుణింతం వచ్చిన ప్రతిచోటా పదం తెగిపోతుంది.

‘నీళ్లు’ అని ఇచ్చి చూడండి. న, ళ, ల అని మూడు ముక్కలు బయటికొస్తాయి. ‘పంపు’ ఇస్తే ప, ప. ‘పైపు’ ఇచ్చినా ప, ప. ‘పాప’ ఇచ్చినా ప, ప. పంపు చెడిపోయిందని రాసిన రైతుకి పైపుల పట్టిక ఎందుకు వస్తోందో మా టీంలో కుర్రాడు స్క్రీన్ మీద ఇది చూపించినప్పుడు గదిలో అందరూ నవ్వారు. క్లయింట్ వైపు ఇంజినీరు నవ్వలేదు, పాపం.

ఈ కోడ్‌లో చాలా భాగం ఏఐ కోడింగ్ అసిస్టెంట్ రాసింది. అది తప్పని నేననను, మేమూ రోజూ వాడతాం. ఇలా ఏఐతో కోడ్ రాయించుకోవడానికి ‘వైబ్ కోడింగ్’ అని ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతీ 2025 ఫిబ్రవరిలో పేరు పెట్టేనాటికే ఊళ్లో సగంమంది అలా రాస్తున్నారు. గమనించాల్సింది ఏమిటంటే, టెస్టులు కూడా అదే రాసింది, ఉన్నవన్నీ ఇంగ్లీషు వాక్యాలే. అన్నీ పాసయ్యాయి. రివ్యూ చేసినాయనకి తెలుగు చదవడం రాదు. ఒక్క తెలుగు వాక్యం టెస్టులో ఉన్నా మొదటిరోజే బయటపడేది.

మరమ్మతు చిన్నదే. పైథాన్‌లోనే ‘రెజెక్స్’ అనే విడి మాడ్యూల్ ఉంది, దాని లెక్కలో మార్కులు కూడా పదంలో భాగమే. లైను ఒకటి మార్చి ఇండెక్స్ (బాట్ వెతికే సూచిక) మళ్లీ కట్టాం. ఇదే జబ్బు పైథాన్ మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లోని టెక్స్ట్ వెక్టరైజర్లలోనూ ఉంది. వాటి డిఫాల్ట్ నమూనా కనీసం రెండు అక్షరాలు పక్కపక్కన ఉంటేనే పదం అంటుంది కాబట్టి ‘నీళ్లు’ లాంటివి ముక్కలుగా కూడా మిగలవు, మాయమైపోతాయి. తెలుగు డేటా మీద టీఎఫ్-ఐడీఎఫ్ (పదాల ప్రాధాన్యం లెక్కగట్టే పద్ధతి) వాడి ‘ఫలితాలు బాగా లేవు’ అని రిపోర్టు రాసిన విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ పదజాలాన్ని ఒకసారి ప్రింట్ చేసి చూసుకోండి.

నీటి, నేటి, నాటి, నోటి, నటి

ఎంబెడింగ్ దారిలో ఇంకో రకం గొడవ. వాళ్లు ఎంచుకున్నది ఇంగ్లీషు మీద శిక్షణ పొందిన చిన్న మోడల్. ట్యుటోరియళ్లన్నిటిలో కనిపించేది, వేగంగా పనిచేసేది, ఉచితం. అది గూగుల్ భాషా మోడల్ బర్ట్‌లో ‘అన్‌కేస్డ్’ (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడని) వంశానిది. ఆ వంశంలో ఒక అలవాటు ఉంది: వాక్యాన్ని చిన్న అక్షరాల్లోకి మార్చేటప్పుడు ఫ్రెంచి, స్పానిష్ లాంటి భాషల్లో అక్షరాల మీద ఉండే గీతల్నీ చుక్కల్నీ తీసేస్తుంది. దానికోసం యూనికోడ్‌లో ‘నాన్‌స్పేసింగ్ మార్క్’ అని ముద్ర ఉన్న ప్రతిదాన్నీ కొట్టేస్తుంది.

తెలుగులో దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, చివరికి పొల్లు కూడా, అన్నిటికీ ఆ ముద్రే. కొమ్ములకీ వట్రసుడికీ సున్నాకీ మాత్రం వేరే ముద్ర, అందుకని అవి బతికిపోతాయి. కాబట్టి మోడల్ లోపలికి వెళ్లేసరికి ‘నీళ్లు’ కాస్తా ‘నళలు’ అవుతుంది. నీటి, నేటి, నాటి, నోటి, నటి అన్నీ ‘నట’ అవుతాయి. అంటే మోడల్ తెలుగు చదివి అర్థం చేసుకోలేకపోయిందని కాదు. దానికి తెలుగు అందనే లేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన రహస్యమేమీ కాదు. గూగుల్ బహుభాషా బర్ట్‌ని మొదట అన్‌కేస్డ్ రకంగా తెచ్చి, కేస్డ్ రకం విడుదల చేసినప్పుడు పాతదాన్ని వాడొద్దని, కొత్తదాంట్లో ఈ సమస్య సరిచేశామని పక్కనే రాసిపెట్టింది. ఎవరు చదువుతారు?

మేం బీజీఈ-ఎమ్3కి మారాం. 2024 మొదట్లో వచ్చిన మోడల్, వందకు పైగా భాషలు, ఒక్కో ముక్క 8192 టోకెన్ల (మోడల్ చదివే చిన్న ముక్కల) దాకా తీసుకుంటుంది. దీనికి పునాది ఎక్స్ఎల్ఎమ్-రాబర్టా. ఆ పునాది నేర్చుకున్న వంద భాషల్లో తెలుగు ఉంది, గుణింతాలు కొట్టేసే అలవాటు లేదు. మల్టీలింగ్వల్ ఈ5 కూడా పోల్చి చూశాం, అదీ బాగానే ఉంది. కానీ దాని హద్దు 512 టోకెన్లు. అంతకు మించినది చడీచప్పుడు లేకుండా కత్తిరించేస్తుంది, ఎర్రర్ రాదు. ఈ మాన్యువళ్లలో పొడుగాటి పట్టికలు ఉన్నాయి కాబట్టి వద్దనుకున్నాం.

రెండు దారుల ఫలితాల్ని కలపడానికి రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్ పెట్టాం. 2009 నాటి పద్ధతి. ఒక్కో జాబితాలో పేజీకి వచ్చిన ర్యాంకుకి 60 కలిపి, ఒకటిని దానితో భాగించి, రెండు జాబితాల విలువలూ కూడటమే. ఇంతకన్నా తెలివైనవి చాలా ఉన్నాయి. కానీ ట్యూనింగ్ చేసే డేటా చేతిలో లేనప్పుడు దీన్ని మించింది నాకు ఇంతవరకూ కనిపించలేదు.

అను ఫాంట్ల మాన్యువళ్లు

ఇంత చేశాక కూడా కొన్ని ప్రశ్నలకి పేజీలు అస్సలు రావట్లేదు. ముఖ్యంగా ఫిల్టర్ శుభ్రం చేయడం గురించినవి. ఆ మాన్యువల్ పీడీఎఫ్ తెరిస్తే చక్కటి తెలుగు. దాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా. తెలుగు ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, అది అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌లో అను పెట్టి కట్టిన మాన్యువల్. అక్కడ తెలుగు ఆకారం మాత్రమే తెలుగు. అడుగున ఉన్న కోడు తెలుగుది కాదు. బాట్ ఇండెక్స్‌లో ఇన్నాళ్లూ ఆ గజిబిజే ఉంది.

ఓసీఆర్, అంటే పేజీ బొమ్మలోంచి అక్షరాలు చదివించడం, చేద్దామని మొదట అనుకున్నాం. ఆ పని చేసే టెస్సరాక్ట్‌లో తెలుగు ఉంది, మామూలు పేరాలకి పర్వాలేదు. కానీ ‘4 మి.మీ.’ని ఒక అంకె తప్పుగా చదివినా పొలంలో నష్టం జరుగుతుంది. అందుకని క్లయింట్‌ని బతిమాలి మాన్యువల్ వేసిన ప్రెస్ నుంచి అసలు ఫైళ్లు తెప్పించాం. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, వాటితో పేరాలన్నీ మార్చేశాం. పట్టికల్ని మాత్రం కాల్ సెంటర్ వాళ్లు కూర్చుని చేత్తో టైప్ చేశారు. ఏఐ ప్రాజెక్టు అని పేరే గానీ ఎక్కువ గంటలు పట్టింది ఇక్కడే, ఎక్కువ ఫలితం ఇచ్చిన పనుల్లోనూ ఇది ఒకటి.

మార్చినదాంట్లో ఇంకో చిక్కు. కొన్నిచోట్ల అనుస్వారపు సున్నా బదులు తెలుగు అంకె సున్నా పడింది. ‘పంపు’, ‘ప౦పు’. కంటికి రెండూ దాదాపు ఒకటే, కంప్యూటర్‌కి సంబంధమే లేదు. రెండు తెలుగు అక్షరాల మధ్య అంకె సున్నా కనబడితే అనుస్వారంగా మార్చే చిన్న నియమం పెట్టాం.

కనబడని అక్షరం ఇంకోటి ఉంది, జెడ్‌డబ్ల్యూఎన్‌జే. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో పెట్టేది. మాన్యువల్‌లో ‘ఫిల్టర్‌లో’ అని అది ఉంటుంది. కాల్ సెంటర్‌లో టైప్ చేసేవాళ్లు ‘ఫిల్టర్లో’ అని కొడతారు, అందులో ఉండదు. రెండూ వేరువేరు పదాలైపోతాయి. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేరువేరు కోడ్ రూపాల్ని ఒకటి చేయడం) చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎన్ఎఫ్‌సీ గానీ ఎన్ఎఫ్‌కేసీ గానీ, అంటే దాంట్లోని ఏ పద్ధతీ, ఆ అక్షరాన్ని ముట్టుకోవు. విడిగా తీసేయాలి, అదీ వెతికే ఇండెక్స్‌లో మాత్రమే. చూపించే పాఠంలోంచి తీస్తే ఒత్తులు అడ్డదిడ్డంగా పడతాయి. 2018 ఫిబ్రవరిలో ఒక్క ‘జ్ఞా’తో ఐఫోన్లు కుప్పకూలిన సంగతి గుర్తుందా? ఆ వరుసలోనూ ఈ కనబడని అక్షరమే కూర్చుని ఉంది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

‘పోయ’

వెతకడం బాగుపడ్డాక అసలైన ప్రమాదం బయటికొచ్చింది. అంతకుముందు సరైన పేజీయే రాలేదు కాబట్టి కనబడలేదు.

నీళ్లలో ఉప్పులు ఎక్కువున్న చోట డ్రిప్పర్లలో తెల్లటి పొర పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. దానికి యాసిడ్ ట్రీట్‌మెంట్ చేస్తారు. యాసిడ్ కలిపేటప్పుడు ఎప్పుడూ నీళ్లలోకి యాసిడ్‌నే కొద్దికొద్దిగా పోయాలి. తిరగేసి పోస్తే ఒక్కసారిగా వేడెక్కి మొహం మీదికి చిమ్ముతుంది. మాన్యువల్‌లో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది. టెస్టింగ్‌లో కాల్ సెంటర్ సూపర్‌వైజర్, కర్నూలు ఆవిడ, ఈ ప్రశ్న అడిగారు. జవాబు చదివి నన్ను పిలిచారు.

‘సార్, ఇది ఒకసారి చూడండి. యాసిడ్ డబ్బాలో నీళ్లు పోసి కలపమంటోంది.’

‘మాన్యువల్‌లో అలా లేదు కదా మేడమ్?’

‘లేదు సార్. నేను రోజూ చెప్పేది ఇదే, నాకు తెలుసు. కొత్తగా చేరిన పిల్ల అయితే ఇదే చదివి రైతుకి చెప్పేస్తుంది.’

లాగ్ తీసి చూశాం. పేజీ సరైనదే వెళ్లింది. కాకపోతే ఆ ముక్క చివరి మాటలు ఇవి: ‘యాసిడ్ ఉన్న డబ్బాలో నీళ్లు పోయ’. అక్కడితో సరి. ‘కూడదు’ తర్వాతి ముక్కలోకి పోయింది.

పత్రాల్ని ముక్కలు చేసే కోడ్ వెయ్యి క్యారెక్టర్లకి ఒక ముక్క చొప్పున కోస్తోంది, రెండువందలు ఓవర్‌లాప్. ఓవర్‌లాప్ ఉంది కాబట్టి పక్క ముక్కలో వాక్యం పూర్తిగానే ఉంది. కానీ మోడల్‌కి వెళ్లింది ఆ పక్క ముక్క కాదు, ఇదే. సగంలో ఆగిన ‘పోయ’ని మోడల్ తనకి తోచినట్టు పూర్తిచేసుకుంది.

ఇంగ్లీషులో ‘చేయవద్దు’ అనే సంగతి వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. తోక తెగినా హెచ్చరిక మిగులుతుంది. మనకి అలా కాదు. కూడదు, వద్దు, లేదు, రాదు, ఏదైనా క్రియ తర్వాతే, వాక్యం కొసనే. కొస తెగితే అర్థం పోవడం కాదు, తలకిందులవుతుంది. ఇంగ్లీషు కోసం రాసిన చంకింగ్ (ముక్కలు చేసే) కోడ్‌ని తెలుగు మీద వాడేవాళ్లు మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటీ గుర్తుపెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. మందుల మోతాదులు, బ్యాంకు నిబంధనలు, కరెంటు పనులు, ఎక్కడైనా ఇదే కథ.

ఇక అక్షరాల లెక్క ఎలాగూ తప్పే. ‘స్త్రీ’ మనకి ఒక అక్షరం, పైథాన్‌కి ఆరు క్యారెక్టర్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. వెయ్యి క్యారెక్టర్లంటే మన లెక్కలో వెయ్యి అక్షరాలు కావు, చాలా తక్కువ. పైగా కోత అక్షరం మధ్యలో పడొచ్చు, ఒత్తు ఒకవైపు, గుణింతం ఇంకోవైపు. యూనికోడ్ కూడా చాలాకాలం పాటు ‘స్త్రీ’ని మూడు గ్రాఫీమ్ (చదివేవాళ్లకి ఒక అక్షరంగా తోచేది) ముక్కలుగానే చూసింది. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 నియమాల్లోనే తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల సంయుక్తాక్షరాల్ని విడగొట్టకూడదని చేర్చారు. మీ లైబ్రరీ ఆ వెర్షన్‌కి వచ్చిందో లేదో చూసుకోవాల్సిందే. మేం దానిమీద ఆధారపడకుండా హల్లు, పొల్లు, హల్లు, గుణింతం అని నాలుగు లైన్ల నియమం సొంతంగా రాసుకున్నాం.

ముక్కల్ని వాక్యం చివర మాత్రమే కోయడం మొదలుపెట్టాం. చెప్పినంత తేలిక కాదు. మనం చుక్కతోనే వాక్యం ముగిస్తాం, మి.లీ., సెం.మీ., రూ., డా. లోనూ చుక్కే, 2.5లోనూ చుక్కే. ఈ పొట్టి మాటల జాబితా ఒకటి కట్టి, చుక్క వెనక ఖాళీ ఉందా, దానికి ముందు పదం క్రియలా ముగిసిందా అని చూసి కోస్తున్నాం. ప్రతి ముక్క నెత్తిన ఆ అధ్యాయం శీర్షిక అతికించాం. హెచ్చరిక పెట్టె ఉన్న పేజీలైతే అసలు కోయం, ఎంత పొడుగున్నా ఒకే ముక్క. దీనివల్ల ఖర్చు పెరుగుతుందని క్లయింట్ మేనేజర్ అన్నారు. పెరగనివ్వండి అన్నాం.

మిగతావి త్వరగా

నీళ్లు, నీళ్ళు. ఈ రెండు రాతలూ మన దగ్గర సమానంగా నడుస్తాయి. ఇండెక్స్‌లో ళ్ళని ళ్లగా ఒకటి చేశాం. ఫిల్టర్, ఫిల్టరు, మోటర్, మోటారు లాంటివి ఒక చిన్న జాబితాతో సరిపోయాయి. విభక్తుల సంగతి పెద్దది: ఫిల్టర్ని, ఫిల్టర్లకి, ఫిల్టర్లోంచి. లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీలో ఇప్పుడు తెలుగు ఎనలైజర్, దాంతోపాటు స్టెమ్మర్ (పదం తోక కత్తిరించి మూలం మిగిల్చేది) కూడా ఉన్నాయి. కానీ క్లయింట్ స్టాక్ పైథాన్‌ది కాబట్టి మేం అక్షరాల ఎన్-గ్రామ్‌లతో, అంటే పదాన్ని వరుస అక్షరాల చిన్న ముక్కలుగా పోల్చే పద్ధతితో వెళ్లాం. మన విభక్తులు వెనకే చేరతాయి, పదం మొదలు చాలావరకు మారదు, అందుకే ఇది పనిచేస్తుంది. నీరు ‘నీటి’ అయ్యేచోట పనిచేయదు. వాటికి మళ్లీ జాబితానే.

రైతులు వాట్సాప్‌లో పంపే మెసేజీల్లో చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఒక్క ‘నీళ్లు’కే ఎన్ని స్పెల్లింగులో. దీనికి చెన్నైలో ఐఐటీ మద్రాస్ ఏఐ4భారత్ బృందం చేసిన, ఇంగ్లీషు అక్షరాల్ని మన లిపిలోకి మార్చే ఇండిక్-ఎక్స్‌లిట్ వాడాం. దాని వెనకున్న అక్షరాంతర్ డేటాలో 21 భారతీయ భాషలకి కలిపి 2.6 కోట్ల పదాల జతలున్నాయి. మోడల్ కూడా చిన్నది, జీపీయూ లేకుండా నడుస్తుంది. ఒక్కో పదానికి మొదటి మూడు ఊహల్నీ వెతుకులాటకి పంపిస్తున్నాం. అసలు ఇంగ్లీషు పదాల్ని కూడా అది తెలుగులోకి లాగేస్తుంది, ‘వాల్వ్’ కాస్తా ఏదేదో అయిపోతుంది. అందుకని మూల రూపాన్ని కూడా పారేయకుండా పక్కన పంపాలి.

ఖర్చు గురించి. మేం వెళ్లేసరికి వాళ్లు వాడుతున్న మోడల్ పాత టోకెనైజర్‌ది (వాక్యాన్ని టోకెన్లుగా కోసేది అదే). తెలుగు వాక్యాన్ని అది బైట్ల ముక్కలుగా నమిలేస్తుంది, బిల్లు టోకెన్ల లెక్కన వస్తుంది. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్ఏఐ ఇచ్చిన పోలికలో ఒకే వాక్యం తెలుగులో 159 టోకెన్ల నుంచి 45కి తగ్గింది, ఇంగ్లీషులో 27 నుంచి 24కి. అంటే అంతకుముందు మనం ఇంగ్లీషువాళ్లు కట్టేదానికి దాదాపు ఆరు రెట్లు కడుతున్నాం, ఇప్పుడు రెట్టింపు లోపే. బెంగళూరులోనే ఉన్న సర్వం ఏఐ 2024 అక్టోబరులో తన భాషా మోడల్ సర్వం-1 తెచ్చినప్పుడు కూడా టోకెనైజర్ గురించే గట్టిగా చెప్పింది, భారతీయ భాషల్లో పదానికి 1.4 నుంచి 2.1 టోకెన్లేనని. కాబట్టి మోడల్ మార్చమని మేమూ చెప్పాం, కొత్త టోకెనైజర్ ఉన్నదానికి, అదీ ఇంకా చవకైనదానికి. అడిగిన పెద్ద బడ్జెట్ వాడాల్సిన పని పడలేదు.

జవాబు సారాంశం రైతుకి ఎస్ఎమ్ఎస్‌గా వెళ్లాలని కూడా అనుకున్నారు. తెలుగు మెసేజీకి హద్దు 70 క్యారెక్టర్లు, దాటితే ఒక్కో భాగానికి 67. అందులో ‘నీళ్లు’ ఒక్కటే ఆరు తింటుంది. లెక్క వేసి చూపించాక వాళ్లే వాట్సాప్‌కి మారిపోయారు.

ఎలా కొలిచాం

ఇదంతా బాగుపడిందని ఎలా తెలుసు? పాత కాల్ రికార్డుల్లోంచి నిజమైన ప్రశ్నలు తీసి, ఒక్కోదానికి సరైన పేజీ ఏదో కాల్ సెంటర్ వాళ్లతోనే గుర్తు పెట్టించాం. ఇద్దరు విడివిడిగా పెట్టాలి, తేడా వస్తే సూపర్‌వైజర్ తేల్చాలి. మొదటి ఐదు ఫలితాల్లో ఆ పేజీ ఉందా లేదా, అదొక్కటే కొలత. జవాబు బాగుందా లేదా అని ఇంకో మోడల్‌తో మార్కులు వేయించే పద్ధతి ఇప్పుడు ఫ్యాషన్, మేం దాన్ని పక్కన పెట్టాం. యాసిడ్ జవాబుకి కూడా అది మంచి మార్కులే వేసింది, భాష బాగుంది కాబట్టి.

అంకెలు బయట పెట్టడానికి క్లయింట్ ఒప్పుకోలేదు, క్రమం మాత్రం చెబుతాను. అన్నిటికన్నా ఎక్కువ లాభం ఎంబెడింగ్ మార్చడంతో వచ్చింది. తర్వాత అను ఫైళ్లు. పదాల విభజన మూడోది. స్పెల్లింగులు ఒకటి చేయడం అనుకున్నంత ఇవ్వలేదు, కొత్త ఎంబెడింగ్ ఆ తేడాల్ని తనే సర్దుకుంటోంది. వాక్యాల దగ్గర కోయడం ఈ కొలతలో దాదాపు కనబడనే లేదు. కారణం తెలిసిందే, సరైన పేజీ ముందూ వస్తోంది. దానికోసం విడిగా ఇంకో పరీక్ష పెట్టాం: మాన్యువళ్లలో ‘కూడదు’, ‘వద్దు’, ‘రాదు’ ఉన్న వాక్యాలన్నీ తీసి, ప్రతిదీ ఏదో ఒక ముక్కలో పూర్తిగా ఉందా, ఏ ముక్క చివరైనా సగంలో తెగిందా అని ప్రతి బిల్డ్‌లో (కోడ్‌ని కొత్తగా సిద్ధం చేసిన ప్రతిసారీ) చూసే టెస్టు. ఒక్కటి తెగినా బిల్డ్ ఆగిపోతుంది. టీంలో దానికి ‘పోయ టెస్టు’ అని పేరు పడిపోయింది.

జవాబుల తెలుగు మీద కూడా కొంత కుస్తీ జరిగింది. మోడల్ ‘ప్రక్షాళన గావించవలెను’ తరహాలో రాసేది. కాల్ సెంటర్ వాళ్ల మంచి జవాబులు కొన్ని ప్రాంప్ట్‌లో నమూనాగా పెట్టేసరికి ‘ఫిల్టర్ విప్పి కడగండి’ దగ్గరికి వచ్చింది. ఇంతకన్నా దానిమీద చెప్పాల్సింది లేదు.

వాయిస్ నోట్లు ఇంకా చేయలేదు. రైతులు పంపేవాటిలో ఎక్కువ అవే. మోటారు చప్పుడు, గాలి, మధ్యలో పక్కనున్నాయన మాటలు, వాటితో రికార్డయిన రాయలసీమ మాటని స్పీచ్ మోడళ్లు చాలాచోట్ల తప్పుగా వింటున్నాయి. అంకెలు తప్పితే ప్రమాదం కాబట్టి ప్రస్తుతానికి మనిషే విని టైప్ చేస్తున్నారు.

క్లయింట్ ఇప్పుడు కన్నడ లైన్‌కీ ఇదే కావాలంటున్నారు. తుమకూరు నుంచి వచ్చిన మా సహోద్యోగి మొదలుపెట్టాడు. విభజన జబ్బు కన్నడలోనూ అంతే ఉంది. అను స్థానంలో అక్కడ నుడి ఫాంట్లు. నార్మలైజేషన్ మాత్రం ఇంకాస్త జాగ్రత్తగా చేయాలి. తెలుగులో రెండు ముక్కలుగా రాయగలిగే గుణింతం ఐత్వం ఒక్కటే, కన్నడలో అలాంటివి ఐదున్నాయి. ఎన్ఎఫ్‌సీ చేయకపోతే ఒకే పదం రెండు రకాలుగా ఇండెక్స్‌లోకి వెళ్లిపోతుంది. అతను రాసిన మొదటి ఫైలు టెస్టులదే, ఒక్క ఇంగ్లీషు వాక్యం కూడా లేదు.